మౌనంగా విఫలమయ్యే బ్యాకప్‌లు

సభకు నమస్కారం.

బ్యాకప్ విఫలమైందని అర్ధరాత్రి ఫోన్ మోగితే మనకు చిరాకు కలగడం సహజమే. కానీ ఆ కబురు అందిందంటే కనీసం హెచ్చరించే ఏర్పాటు సరిగ్గా ఉందని అర్థం. నాకు భయం కలిగించేది నెలల తరబడి ఏ కబురూ పంపని బ్యాకప్, అందుకే ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే సేవ అయిన గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ సంస్థే దాన్ని దాపరికం లేకుండా ప్రకటించింది, అందుకు మనం కృతజ్ఞులమై ఉండాలి. రెండో సర్వర్‌లో రెప్లికేషన్‌ను, అంటే ప్రధాన డేటాబేస్‌కు ఎప్పటికప్పుడు నకలు ఉంచే ఏర్పాటును, సరిచేస్తున్న ఇంజనీరు అక్కడి డేటా డైరెక్టరీని ఖాళీ చేస్తున్నాననుకుని, ప్రధాన సర్వర్‌లో తొలగింపు ఆదేశం ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు గ్రహించి ఆపినా, సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

చేయి పొరబడటం ఎవరికైనా జరుగుతుంది. మనం ఆగి చూడవలసింది ఆ తరువాతి ఘట్టాన్ని. రోజువారీ బ్యాకప్ కోసం ఎస్3 బకెట్ (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) తెరిస్తే అందులో ఏమీ లేదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.6 కాగా, దాని నుంచి బ్యాకప్ తీసే పీజీడంప్ అనే సాధనం వెర్షన్ 9.2. పాత పీజీడంప్ తనకంటే కొత్త సర్వర్ నుంచి డేటా తీయడానికి ఒప్పుకోదు. ఏ వెర్షన్ వాడాలో డేటా డైరెక్టరీలోని ఫైలును చూసి నిర్ణయించే ఏర్పాటు ఉన్నా, బ్యాకప్ నడిచింది ఆ డైరెక్టరీయే లేని అప్లికేషన్ సర్వర్‌లో కాబట్టి, అది పాత వెర్షన్‌నే ఎంచుకుంది. విఫలమైన ప్రతిసారీ, నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ మెయిల్ పంపుతూనే ఉంది. అయితే ఆ మెయిళ్లకు, నకిలీ మెయిళ్లను అడ్డుకునే డీమార్క్ నియమాల ప్రకారం ఉండవలసిన సంతకం లేకపోవడంతో అవి తిరస్కరణకు గురయ్యాయి. డేటాబేస్ సర్వర్లకు అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) డిస్క్ స్నాప్‌షాట్‌లు, అంటే ఆ క్షణంలో డిస్కు ఉన్న స్థితికి నకళ్లు, అమర్చనే లేదు. చివరికి ఆదుకున్నది, వేరే పని కోసం సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కులను నిర్వహించే ఏర్పాటు) స్నాప్‌షాట్.

ఇలాంటి మౌనం మన స్క్రిప్టుల్లోనూ ఉంటుంది. పీజీడంప్ ఇచ్చే డేటాను పైపు ద్వారా, అంటే నేరుగా, ఫైళ్లను కుదించే జీజిప్‌కు పంపే ఆదేశం మనందరం రాసిందే. అందులో పీజీడంప్ మొదట్లోనే ఆగిపోయినా, ఆదేశాలను నడిపే షెల్ మనకు చెప్పేది చివర నడిచిన జీజిప్ ఫలితాన్ని. జీజిప్ మాత్రం ఏమీ లేని ఇన్‌పుట్‌ను శ్రద్ధగా కుదించి, పని పూర్తయిందని సూచించే సున్నాను తిరిగి ఇస్తుంది. నేను ఒకచోట ఫోల్డర్ తెరిచి చూసినప్పుడు తేదీల వారీగా చక్కగా పేర్చిన ఫైళ్లు కనిపించాయి, ఒక్కొక్కటి సరిగ్గా 20 బైట్లు. ఏమీ లేనిదాన్ని కుదిస్తే వచ్చే పరిమాణం అది. బాష్ అనే షెల్‌లో, పైపులో ఏ ఆదేశం విఫలమైనా మొత్తం విఫలమైనట్టు చూపే పైప్‌ఫెయిల్ అమర్చి ఉంటే ఆ తప్పు మొదటి రాత్రే బయటపడేది.

అందువల్ల సమస్య వెతకడం లాగ్‌తో (ప్రోగ్రామ్ రాసుకునే నమోదులతో) కాకుండా ఫైలుతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. నిన్నటి ఫైలు పరిమాణాన్ని గత వారపు ఫైలుతో పోల్చండి. బ్యాకప్‌ను తిరిగి ఎక్కించే పీజీరిస్టోర్‌తో ఫైలులో ఉన్నవాటి జాబితా చూసి తృప్తిపడకండి. పీజీడంప్ కస్టమ్ ఫార్మాట్‌లో విషయసూచిక ఫైలు మొదట్లోనే ఉంటుంది కనుక, చివరి సగం తెగిపోయిన ఫైలు కూడా ఆ జాబితాను చూపగలదు. డిస్కు నిండిందా, పాస్‌వర్డ్ మారిందా అన్నవి లాగ్ ఎలాగూ చెబుతుంది.

తరువాత వేరే యంత్రంలో బ్యాకప్‌ను పూర్తిగా రిస్టోర్ చేసి (తిరిగి ఎక్కించి), ముఖ్యమైన పట్టికల్లో వరుసలు లెక్కపెట్టి, అన్నిటికంటే కొత్త వరుస ఏ సమయానిదో చూడండి. ఆ పనికి ఎన్ని గంటలు పట్టిందో కూడా రాసిపెట్టుకోండి. గిట్‌ల్యాబ్‌కు స్నాప్‌షాట్ దొరికిన తరువాత కూడా, నెమ్మదైన డిస్కుల మీదుగా డేటా తెచ్చుకుని సేవను తిరిగి నిలబెట్టడానికి దాదాపు 18 గంటలు పట్టింది.