ముద్దలో రాగి ఎంత?

శ్రోతలకు నమస్కారం.

రోజూ తినే తిండిని కాస్త మంచి తిండిగా మార్చుకోవాలి అనగానే చాలామందికి ఓట్స్ డబ్బా గుర్తొస్తుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు వైపు ఏ పల్లెలో అడిగినా సంగటి, అంటే ఉడికిన అన్నంలో రాగిపిండి వేసి గెలికిన ముద్ద, దొరుకుతుంది. రాత్రి పూట తెల్లన్నం మాని ఆ సంగటి ముద్ద తినండి అని ఎవరైనా చెబుతారు. సరే, మరి ఆ ముద్దలో రాగి ఎంత ఉంది? ఈ పూట మాటంతా దాని గురించే.

చాలా ఇళ్లలో కొలత ఏమిటంటే గ్లాసు బియ్యానికి గ్లాసు పిండి. సగం సగం అనుకుంటాం. కాదండీ. మామూలు స్టీలు గ్లాసుడు బియ్యం తూస్తే 160 గ్రాములు దాటుతుంది. అదే గ్లాసుడు రాగిపిండి 120 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. అంటే సంగటి పేరుతో మనం తినేది ఎక్కువ పాలు అన్నమే. హోటల్లో అయితే చెప్పక్కర్లేదు, ముద్ద రంగే చెబుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. పీచు రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో మూడు లోపే. ముద్దలో రాగి తగ్గేకొద్దీ ఇవన్నీ తగ్గినట్టే.

కాబట్టి కొలత మార్చండి. ఒక్కసారిగా వద్దు, ఇంట్లో పిల్లలు కంచం తోసేస్తారు. గ్లాసు పిండికి ఈ వారం ముప్పావు గ్లాసు బియ్యం. వచ్చే వారం అర గ్లాసు. ఆ పై వారం పావు గ్లాసు. పావు దగ్గర ఆగండి, చాలు. బొత్తిగా బియ్యం లేకపోతే అలవాటు లేనివాళ్లకు గొంతు దిగదు.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. బియ్యం తగ్గిస్తారు, నీళ్లు తగ్గించరు. సంగటి జారిపోతుంది. నీళ్ల లెక్క ఇలా గుర్తు పెట్టుకోండి: గ్లాసు బియ్యానికి మూడు, గ్లాసు పిండికి రెండు. గ్లాసుకు గ్లాసు అయితే ఐదు గ్లాసుల నీళ్లు. అర గ్లాసు బియ్యమైతే మూడున్నర. పావు గ్లాసు అయితే మూడుకు కాస్త తక్కువ. మరోసారి చెబుతున్నా: బియ్యానికి మూడు, పిండికి రెండు.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి రండి. పావు గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, అడుగు మందంగా ఉన్న దబరలో ఇందాక చెప్పిన కొలత నీళ్లతో ఉడికించండి. మెతుకు పట్టుకుంటే వేళ్ల మధ్య వెన్నలా నలగాలి. పలుకు మిగిలితే సంగటిలో అది రాయిలా తగులుతుంది. ఉడికాక అర గ్లాసు గంజి పక్కకు తీసి పెట్టండి, దాంతో పని ఉంది. మంట తగ్గించి, గ్లాసు పిండి మధ్యలో కుప్పగా పోయండి. పోసి, చేతులు కట్టుకుని నిలబడండి. కలపకూడదు. ఎందుకంటే మరిగే గంజిలో పొడి పిండిని కలిపితే ప్రతి ఉండకూ పైన పొర ఉడికి గట్టిపడుతుంది, లోపలికి నీరు పోదు. కొరికితే మధ్యలో పొడి పొడిగా తెల్లగా కనిపించేది అదే. కుప్ప మధ్యలో కట్టెతో అడుగుదాకా ఒక బొక్క పెట్టండి. కింది గంజి ఆ బొక్కలోంచి బుడగలుగా పైకొచ్చి పిండిని తడుపుతుంది. మూత వేసి సన్న మంట మీద పది నిమిషాలు.

ఆ తరువాత దబర దించి, తెడ్డుతో అంచులనుంచి మధ్యకు ఒత్తుతూ గెలకండి. బలం పెట్టాల్సిందే, దీనికి అడ్డదారి లేదు. గట్టిగా ఉంటే పక్కన పెట్టిన గంజి వేడిగా కొద్దికొద్దిగా పోయండి. పలచగా ఉంటే మాత్రం పైన పొడి పిండి చల్లకండి, అది పచ్చిగానే ఉండిపోతుంది. మూత తీసి సన్న మంట మీద గెలుకుతూ ఉండండి, నీరు ఇగిరిపోతుంది. తడి వేలితో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టు. పళ్లకు అతుక్కునే సంగటి ఉడకని సంగటి.

ఈ కొలతకు చేతికి నిండుగా నాలుగు ముద్దలు వస్తాయి. ఒక్కో దాంట్లో పిండి 30 గ్రాములు. అదే గ్లాసుకు గ్లాసు పద్ధతిలో ఏడు ముద్దలు వస్తాయి, ఒక్కో దాంట్లో 17. ముద్ద అదే సైజు, రాగి దాదాపు సగం.

పిండి సంగతి కూడా రెండు మాటలు. రాగులు గాలించి, ఇసుక పోయేలా కడిగి, ఆరబెట్టి మరలో ఆడించుకోండి. సన్న జల్లెడ పట్టకండి. కాల్షియం ఎక్కువగా ఉండేది పై తొక్కలోనే. మొలకెత్తించిన రాగుల పిండి జావకు బాగుంటుంది, సంగటికి పనికిరాదు. మొలకలో పుట్టే ఎంజైము గంజిని పలచన చేస్తుంది, ఎంత గెలికినా ముద్ద నిలబడదు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఒక మాట. రాగిలో కూడా 100 గ్రాములకు 67 గ్రాములు పిండి పదార్థమే, బియ్యంలో 78. తేడా ఉంది గానీ, రాగి కదా అని రెండు ముద్దలు తింటే ఆ తేడా మింగేసినట్టే. ఒక ముద్ద, దాని పక్కన గిన్నెడు పప్పో, పుల్లగా వండిన ఆకుకూర పులగూరో. జావ అయితే మరీ జాగ్రత్త, పలచగా తాగేది రక్తంలోకి త్వరగా చేరుతుంది. అందులో బెల్లం వేసి "చక్కెర వేయలేదు" అనకండి. బెల్లానికి పేరున్న జిల్లాలో ఈ మాట చేదుగానే ఉంటుంది, అయినా ఒంట్లో రెండూ ఒకటే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

నంజుకోవడానికి వేపుడు బదులు ఊరిబిండి పచ్చడి, చింతచిగురు పప్పు. సాయంత్రం మిక్చరు పొట్లం బదులు ఉడికించిన చెనక్కాయలు, ఉప్పు తక్కువేసి. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే రాగిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి.

రాత్రి ముద్ద మిగిలితే పారేయకండి. చల్లారాక రెండు గ్లాసుల నీళ్లలో వేసి మూత పెట్టండి. ఎండాకాలంలో మన దగ్గర తెల్లారేసరికి పులుపు ముదురుతుంది, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. పొద్దున ఆ నీళ్లలోనే మెత్తగా పిసికి, పుల్లటి మజ్జిగ ఒక గ్లాసు, చిటికెడు ఉప్పు కలిపి, పక్కన ఎర్రగడ్డ ఒకటి చిదిమి పెట్టుకోండి. ఆ పూటకు పూరీల బాణలి పొయ్యెక్కించాల్సిన పని ఉండదు.

నమస్కారం.