నాయన మీద కోపం ఎప్పటిది?

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు ఒక మనిషంటే మనకు ఏమనిపించేదన్న జ్ఞాపకం, ఇవాళ ఆ మనిషి మీదున్న అభిప్రాయాన్ని బట్టి మారిపోతుంటుంది. ఒంగోలులో ఈ విషయం చెప్పడానికి ఎక్కడెక్కడికో పోనక్కర్లేదు. కొండపి వైపు పొగాకు పండించే ఇల్లు ఒకటి ఊహించుకోండి. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు నాయనతో పాటు, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రిళ్లు మేలుకున్నారు. పొయ్యిలోకి కట్టెలు ఎగదోశారు, కునుకు పట్టి వేడి తగ్గితే తిట్లు తిన్నారు. ముప్పై ఏళ్ల తర్వాత పొలం పంచుకుంటే రోడ్డు పక్కది అన్నకు పోయింది, తమ్ముడికి లోపలి చేను మిగిలింది.

ఇప్పుడు అన్నను కదిలించండి. "నాయన పక్కనుంటే ఆ చీకట్లో ఎంత ధైర్యంగా ఉండేదో" అంటాడు. తమ్ముడేమో "నాకు చిన్నప్పటి నుంచీ ఆయనంటే పడదు. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం" అంటాడు.

ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటున్నారు. బ్యారన్, కట్టెలు, తిట్లు ఇద్దరి కథలోనూ ఉన్నాయి. తేడా అంతా ఆ పిల్లవాడి మనసులో అప్పుడేముందన్న దగ్గరే. జరిగిన సంగతికి అమ్మో, పక్కింటివాళ్లో సాక్ష్యం ఉంటారు. మనసులో మెదిలినదానికి ఎవరుంటారు? అందుకని ఆ మనిషి గురించి ఇవాళ మనకున్న అభిప్రాయాన్ని బట్టి, అప్పుడూ ఇలాగే అనిపించి ఉంటుందని మనసే కూర్చుకుంటుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 1987లో అమెరికాలో లెవిన్‌సన్, రోసెన్‌బామ్ అనే పరిశోధకులు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు తల్లిదండ్రులు తమను దూరం పెట్టారని ఎక్కువగా చెబుతున్నట్టు గమనించారు. అదే జబ్బు వచ్చి తగ్గిపోయినవాళ్లు మాత్రం, అసలు రానివాళ్లలాగానే చెప్పారు. ఈ ఒక్క ఫలితం మీద నేను చాలా రోజులు ఆలోచించాను. 2020లో లారెన్స్ పాతిహిస్ బృందం ఇంకో అడుగు వేసింది. కొందరి చేత ఈమధ్య అమ్మ చూపిన మంచితనం గురించి, కొందరి చేత ఆమె లోపాల గురించి రాయించారు. లోపాలు రాసినవాళ్లకు, చిన్నప్పుడు అమ్మ మీద ఉన్న ప్రేమ కూడా తక్కువగానే గుర్తొచ్చింది. ఆ కాస్త రాతకే!

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో నిజంగా దెబ్బలు తిన్నవాళ్ల నోరు మూయించడానికి దీన్ని వాడకండి. కొట్టిన దెబ్బ జరిగిన సంగతి. పైగా ఇది అటువైపూ పనిచేస్తుంది. ఫోటోకు దండ పడ్డాక, వణికించిన తండ్రి కూడా "మన మంచికే కొట్టాడు" అయిపోతాడు. "నాకు భయమేసేది" అన్న కూతురికి మాత్రం కృతజ్ఞత లేదంటారు. అది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

తమ్ముడి బాధ న్యాయమైనదే కావచ్చు. పంపకంలో మోసం జరిగితే పంపకం గురించే కొట్లాడాలి. మంచాన పడ్డ అమ్మకు నెలల తరబడి చాకిరీ చేస్తున్నవాళ్లకూ ఇదే నా మనవి. నిద్ర లేని ఆ రాత్రిళ్లలో "ఆమె నన్నెప్పుడూ ప్రేమగా చూడలేదు" అని తీర్మానించుకోకండి. కాస్త తెరిపిన పడ్డాక, పిల్లప్పుడు నేనెట్టా ఉండేవాణ్ణని అక్కనో మేనత్తనో అడగండి.

హాస్టల్లో చదువుకున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అక్కడి నుంచి ఇంటికి రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు ఏ ట్రంకుపెట్టెలోనో ఉండే ఉంటాయి. వార్డెను చదువుతాడనో, డబ్బులు కావాలనో కొంత కల్పించి రాసినా, అవి ఆనాటి మీ మాటలే. పొలం తగాదాతో పెద్దమనుషుల దగ్గరికి పోయే ముందు వాటిని తీసి, ఇద్దరూ కలిసి ఒకసారి చదవండి.