చెయ్యి అచ్చం చెయ్యిలాగే ఉంటే ఎందుకు జడుపు?

అందరికీ నమస్కారం, విజయనగరం నుంచి. మొన్న సంక్రాంతికి మా ఊరెళ్తే మావయ్య కొత్త చెయ్యి పెట్టించుకుని ఉన్నాడు, నాలుగేళ్ల కిందట నూర్పిడి మిషన్లో కుడి చెయ్యి పోయింది లెండి. సిలికాన్ చెయ్యి, గోళ్లు, నరాలు, కణుపుల దగ్గర ముడతలు కూడా ఉన్నాయి, అరుగు మీద కూర్చుంటే దూరం నుంచి ఎవరికీ ఏటీ తెలీదు. మా చెల్లి కూతురు "రా తాతా, ముగ్గు చూద్దువు" అని వేలు పట్టుకుని లాగింది. చల్లగా తగిలీసరికి గుక్కపెట్టి ఏడుస్తా వాళ్లమ్మ దగ్గరికి పరిగెట్టీసింది. మావయ్య ఏటీ అనకుండా ఆ చెయ్యి తువ్వాలు కింద పెట్టీసుకున్నాడు.

పిల్ల తప్పు కాదు, మావయ్య తప్పు అసలే కాదు. జపాన్లో మసాహిరో మోరి అని రోబోల ప్రొఫెసరు, 1970లోనే దీని గురించి రాసేడు, అన్‌కానీ వ్యాలీ అంటారు కదా, అదే. బొమ్మ మనిషి పోలికకి దగ్గరయ్యే కొద్దీ మనకి నచ్చుతుంది, బాగా దగ్గరొచ్చీసి కాస్త తేడా మిగిలిందనుకోండి, ఆ ఇష్టం కాస్తా లోయలో పడిపోతుంది. ఆయన చెప్పిన ఉదాహరణ కూడా పెట్టుడు చెయ్యే: చూస్తే అసలుదే, షేక్‌హ్యాండ్ ఇస్తే ఎముకల్లేనట్టు మెత్తగా, చల్లగా. అది కదిలితే జడుపు ఇంకా ఎక్కువట.

మరేటి చెయ్యాలి? బుద్ధుడి విగ్రహాలు చెక్కే శిల్పి చేసిన చెక్క చెయ్యి ఒకటి చూసేనని మోరి రాసేడు. వేళ్లు వంగుతాయి, రంగు మాత్రం చెక్కదే, వేలిముద్రల్లేవు, అయినా అందంగా ఉందట. నాకైతే మన బొబ్బిలి వీణ గుర్తొచ్చింది, పనస చెక్క పనస చెక్కలాగే ఉంటుంది, కానీ చూడగానే ఓసారి నిమరాలనిపిస్తుంది.

అలాగని పోలికే తప్పు అననండి. జైపూర్ కాలు చూడండి, 1968లో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ సేఠీ కలిసి చేసింది, రబ్బరు పాదం, కాలి రూపమే. దాంతో గొంతుక్కూర్చోవచ్చు, చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడవొచ్చు. రూపం ఏ పని చేస్తానంటుందో పాదం ఆ పని చేస్తంది, నా లెక్కలో తేడా అంతా అక్కడుంది.

మావయ్యకి పాత స్టీలు కొక్కెం ఒకటుంది, భుజం మీది పట్టీ లాగితే తెరుచుకుంటుంది, వదిలితే రబ్బరు బ్యాండు మూసీస్తుంది. కనుమ నాడు దాంతోనే ఎద్దు పలుపు కడతా ఉంటే అదే పిల్ల పక్కనొచ్చి కూర్చుంది, "మళ్లీ తెరు తాతా, మళ్లీ" అని. పెళ్లిళ్లకి మాత్రం సిలికాన్‌దే వేసుకుంటాడట, నలుగురూ చేతికేసి చూడకుండా ఉంటే చాలట. అది ఆయన ఇష్టం, మనం కాదనకూడదు.