చిలకలూరిపేట బస్సు దహనం: అగ్గిపుల్ల నుంచి ఉరికంబం దాకా

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాం. చలపతిరావు, విజయవర్ధనరావు అనే పేర్లు వినగానే మన పెద్దవాళ్లకు చిలకలూరిపేట గుర్తుకొస్తుంది. ఈ కేసును లోతుగా చదివిన ఒక న్యాయవాది ఈరోజు మనతో ఉన్నారు. మొదట ఆ రాత్రి గురించి చెబుతారా అండీ?

న్యాయవాది: అది 1993 మార్చి. ఇమ్లీబన్ బస్ స్టేషన్ ఇంకా తెరవలేదు, మన ఊరి ప్రధాన బస్ స్టేషన్ అప్పటికి గౌలిగూడలోనే ఉండేది. 2018లో కూలిపోయిన ఆ పెద్ద రేకుల షెడ్డు చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ నుంచి చిలకలూరిపేటకు బయలుదేరిన బస్సులో ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలని ఈ ఇద్దరు యువకులు పథకం వేసుకున్నారు. బెదిరించడానికి వాళ్లు ఎంచుకున్నది పెట్రోలు. రాత్రి బస్సు లోపలిని ఒక్కసారి ఊహించుకోండి: సీట్లలో నిద్రపోతున్న మనుషులు, కాళ్ల దగ్గర సంచులు, దిగడానికి ఇరుకైన దారి. అక్కడ పెట్రోలు చల్లాక అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 23 మంది ప్రాణాలు కోల్పోయారు.

వ్యాఖ్యాత: చంపాలన్న ఉద్దేశం వాళ్లకు లేదని తర్వాత చాలామంది వాదించారు కదా?

న్యాయవాది: వాదించారు, ఆ వాదనలో కొంత బలం ఉంది. వాళ్లు బయలుదేరింది దోపిడీకే. అయితే పెట్రోలు చల్లడానికీ నిప్పు అంటించడానికీ మధ్య ఆగడానికి వీలున్న ఒక క్షణం ఉంది, నా దృష్టిలో కేసంతా ఆ క్షణం మీదే నిలబడింది. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఉరిశిక్ష విధించింది, హైకోర్టు ధ్రువీకరించింది, 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

వ్యాఖ్యాత: ఆ తీర్పును న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఎందుకు చదువుతారు?

న్యాయవాది: ఒక వాంగ్మూలం వల్ల. కాలిన గాయాలతో ఉన్న బాధితుల వాంగ్మూలాన్ని మేజిస్ట్రేట్ నమోదు చేశారు. వాంగ్మూలం ఇచ్చిన మనిషి చనిపోయి ఉంటే అది మరణ వాంగ్మూలం అయ్యేది, బతికితే కాదు. అలాంటప్పుడు దాన్ని సంఘటనలో భాగంగానే భావించి, అప్పటి సాక్ష్య చట్టం 6వ సెక్షన్ కింద స్వీకరించవచ్చా అన్నది ప్రశ్న. ఘటనకూ వాంగ్మూలానికీ మధ్య చెప్పుకోదగ్గ వ్యవధి ఉంటే, అది ఎంత స్వల్పమైనా, ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ సాక్షి స్వయంగా కోర్టులో చెప్పిన మాటకు బలం చేకూర్చడానికి దాన్ని వాడుకోవచ్చని 157వ సెక్షన్‌ను చూపింది.

వ్యాఖ్యాత: మరి ఉరి ఎందుకు అమలు కాలేదు?

న్యాయవాది: రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్షను తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా ఖరారైంది. చివరి ఘడియల్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు, దళిత సంఘాలు పెద్ద ఎత్తున ఉద్యమించాయి, ఎందుకంటే నిందితులిద్దరూ దళితులు. అదే గుంటూరు జిల్లాలో 1991లో చుండూరులో దళితులను ఊచకోత కోసినవాళ్లకు ఏ శిక్ష పడిందని అప్పుడు అడిగారు. ఆ ప్రశ్న ఇంకా ముల్లులా గుచ్చుతుంది: ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం విధిస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఇక చలపతిరావు, విజయవర్ధనరావుల ఉరిశిక్షను 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ యావజ్జీవంగా మార్చారు.

వ్యాఖ్యాత: మీరు వ్యక్తిగతంగా ఎటువైపు?

న్యాయవాది: ఉరిశిక్షకు నేను వ్యతిరేకిని, ఈ కేసులో కూడా. కానీ ఒక్క విషయం చెప్పాలి. ఆ ఇద్దరి ప్రాణాల కోసం రాసిన కరపత్రాలు, వ్యాసాలు ఎన్నో చదివాను. తీర్పైతే విజయవర్ధనరావు పేరుతోనే లా జర్నల్‌లో ఉంది. ఆ బస్సులో పోయిన 23 మందిలో ఒక్కరి పేరైనా చెప్పమని మీరు ఇప్పుడు అడిగితే, నేను చెప్పలేను.