డెక్ మీద కాలు జారకుండా: పెయింట్ సందేహాలకు ఫోన్‌లో జవాబులు

యాంకర్: నమస్కారం. పడవ డెక్ మీద కాలు జారకుండా వేసే పెయింట్ల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. పడవల మరమ్మతులో అనుభవం ఉన్న నిపుణులు మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్‌లో ఉన్నారు, చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండి. మాది ఫైబర్ పడవ. పోయిన ఏడాది ఖరీదైన పెయింట్ కొని నేనే వేసుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే అట్టలు అట్టలుగా లేచిపోయింది. ఈసారి ఏ కంపెనీది కొనమంటారు?

నిపుణుడు: కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. ఊడిన ముక్క తిప్పి చూశారా? వెనక వైపు ఎలా ఉంది?

కాలర్: నున్నగా ఉందండీ. అద్దంలా మెరుస్తోంది.

నిపుణుడు: అయితే అది డెక్‌ని అసలు పట్టుకోనే లేదు. వేసే ముందు ఏం చేశారు?

కాలర్: సబ్బుతో కడిగాను. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాను. రెండు రోజులు చేతులు పైకి లేవలేదు సార్.

నిపుణుడు: పాపం, రెండు రోజులు కష్టపడి మైనాన్ని ఇంకా లోపలికి రుద్దారు. ఫైబర్ పడవని అచ్చులోంచి సులువుగా తీయడానికి మైనం పూస్తారు. తర్వాత మనం మెరుపు కోసం పూసే పాలిష్‌లోనూ మైనమే ఉంటుంది. సబ్బుకి అది పూర్తిగా పోదు. అది ఉండగానే ఉప్పుకాగితం పెడితే, ఆ గీతల్లోకి దిగి కూర్చుంటుంది. అందుకే ముందు మైనం తీసే ద్రావకంతో తుడవాలి, ఆ తర్వాతే రుద్దడం. చేతిలో రెండు గుడ్డలు ఉంచుకోండి. ఒకదాన్ని ద్రావకంలో తడిపి తుడవండి, అది ఆరిపోయేలోపే పొడి గుడ్డతో ఎత్తేయండి. ఆరనిస్తే మైనం మళ్లీ అక్కడే అంటుకుంటుంది. గుడ్డలు మారుస్తూ ఉండండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, గాలి బాగా ఆడాలి.

కాలర్: మైనం మొత్తం పోయిందో లేదో తెలిసేదెలా?

నిపుణుడు: డెక్ మీద నీళ్లు చల్లండి. తామరాకు మీద చుక్కల్లా నిలబడితే ఇంకా ఉన్నట్టే. పలచగా పరుచుకుంటే మీ పని అయినట్టే. అప్పుడు 80 నుంచి 120 నంబరు కాగితంతో మెరుపు పోయి మసకబారే దాకా రుద్దండి. అచ్చులోనే వచ్చిన గళ్లు ఉంటే వాటి పల్లాల్లోకి కాగితం వెళ్లదు, అక్కడ గరుకు ప్యాడ్ వాడండి. ఇంకో మాట. వేలి కణుపుతో డెక్‌ని తట్టి చూడండి. ఎక్కడైనా బోలు శబ్దం వచ్చినా, కాలి కింద మెత్తగా అనిపించినా లోపల నీళ్లు చేరి ఉండొచ్చు. అక్కడ పెయింట్ వేస్తే జబ్బుని దాచిపెట్టడమే.

కాలర్: ఇక పెయింట్ సంగతి...

నిపుణుడు: ఎక్కువ కాలం ఉండాలంటే కింద ఎపాక్సీ ప్రైమర్, అంటే పైపెయింట్ పట్టుకోవడానికి ముందు వేసే పొర, పైన రెండు డబ్బాల్లోవి కలిపి వేసే పాలీయురిథేన్ పెయింట్ వేయండి. ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది కానీ ఎండకి సుద్దలా పొడి రాలుతుంది, అందుకే దాన్ని పైపొరగా వదిలేయకూడదు. పాలీయురిథేన్ ఎండని తట్టుకుంటుంది. కాకపోతే అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడు. రోలర్‌తో వేసినా సరైన మాస్క్ పెట్టుకోండి, ఇంట్లో స్ప్రే చేసే ఆలోచనే వద్దు. ఇంత హంగామా వద్దనుకుంటే ఒకే డబ్బాలో వచ్చేవి ఉన్నాయి. వేయడం సులువు, అరుగుదల మాత్రం త్వరగా వస్తుంది.

యాంకర్: ఇంకో కాలర్ ఉన్నారు. చెప్పండి.

కాలర్: సార్, మాది చెక్క పడవ. పెయింట్‌లో ఒడ్డు మీది ఇసుక కలిపేస్తే సరిపోదా? ఊరికే దొరుకుతుంది కదా.

నిపుణుడు: ఊరికే దొరికేదానికి తర్వాత డబ్బు కట్టాల్సి వస్తుంది బాబూ. ఒడ్డు ఇసుకలో ఉప్పు ఉంటుంది, అది తేమని లాగి పెయింట్ కింద పొక్కులు తెస్తుంది. పైగా అలలకి అరిగిన రేణువులు గుండ్రంగా ఉంటాయి, కాలికి పట్టు ఇవ్వవు. కడిగి ఆరబెట్టి జల్లించిన సిలికా ఇసుకైనా, అల్యూమినియం ఆక్సైడ్ అయినా వాడండి. రెండోది చాలా గట్టిది, త్వరగా అరగదు. డబ్బాలో కలపడం కంటే పైన చల్లడం మేలు. కలిపితే రేణువులు అడుక్కి పోతాయి. సగం డెక్ నున్నగా, సగం ఉప్పుకాగితంలా తేలుతుంది.

కాలర్: చల్లడం ఎలా?

నిపుణుడు: కొంచెం మందంగా పెయింట్ వేసి, తడిగా ఉండగానే జల్లెడతో ఎత్తు నుంచి చల్లండి. తడి కనబడకుండా, ఇంకా ఎక్కువేమో అనిపించేంత వరకు చల్లాలి. గట్టిపడ్డాక అంటుకోనిదాన్ని ఊడ్చేసి, పైన ఒకటి రెండు పలచని పొరలు వేయండి. మందంగా వేశారంటే రేణువులు మునిగిపోయి మళ్లీ మొదటికే వస్తుంది. మీది చెక్క కాబట్టి పూర్తిగా ఎండాకే మొదలుపెట్టండి. ప్లైవుడ్ అయితే అంచుల్ని, స్క్రూ రంధ్రాల్ని ఎపాక్సీతో మూసేయండి. నీళ్లు ఎక్కువగా అక్కడి నుంచే దూరతాయి.

యాంకర్: ఇంకో ఫోన్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా వారు గరుకు పెయింటే వేశారు. జారడం లేదు నిజమే, కానీ దాని మీద మోకాళ్లు ఆనించి పని చేస్తే చర్మం లేచిపోతోంది. మధ్యాహ్నం కాలు కూడా పెట్టలేం.

నిపుణుడు: రంగు ఏమిటమ్మా?

కాలర్: ముదురు నీలం. చూడ్డానికి బాగుంటుందని వేశారు.

నిపుణుడు: కాళ్లు కాలేది అందుకే. లేత బూడిద రంగో, మీగడ రంగో వేయించండి. మరీ తెల్లటిదైతే ఎండలో కళ్లు చెదిరిపోతాయి. ఇక గరుకు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదు. నిలబడి తాళ్లు లాగేచోట ముతకది, కూర్చునేచోట సన్నని రేణువులు లేదా రబ్బరు పొడి కలిసినవి చాలు. ఇప్పుడున్నదాన్ని మొత్తం తీసేయక్కర్లేదు. మొనలు మాత్రం ఉప్పుకాగితంతో తేలిగ్గా విరిచి, దుమ్ము తుడిచి, లేత రంగు ఒక పొర వేయమనండి. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, సిలికా దుమ్ము పీల్చకూడదు.

కాలర్: ఎప్పుడు వేయమంటారు? సాయంత్రం చల్లబడ్డాక వేస్తానంటున్నారు.

నిపుణుడు: వద్దమ్మా, సాయంత్రం మంచు పడితే ఆరని పెయింట్ పాడైపోతుంది. నడి ఎండా వద్దు, రోలర్ తిప్పుతుండగానే ఎండిపోతుంది. తెల్లారి తడి ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించమనండి. మాస్కింగ్ టేపుని పెయింట్ ఇంకా పచ్చిగా ఉండగానే లాగేయాలి. మూతల చుట్టూ, బిగింపుల చుట్టూ సన్నని నున్నటి అంచు వదిలితే నీళ్లు పోతాయి, శుభ్రం చేయడమూ తేలికే.

కాలర్: మర్నాడు నడవొచ్చా?

నిపుణుడు: మామూలుగా ఒక రోజుకి మెల్లగా నడవొచ్చు, పూర్తిగా గట్టిపడటానికి వారం పట్టొచ్చు. డబ్బా మీద రాసినదే లెక్క. ఈలోగా లంగరు గొలుసు దాని మీద ఈడ్చవద్దని మీ వారికి చెప్పండి.

కాలర్: చెప్తానండీ, వింటే కదా.