సెట్టు కట్టే ముందు ఎక్స్‌రే, కట్టాక రెండు మాటలు

అందరికీ నమస్కారం. వచ్చే వారం నుంచి మీకు కట్టుడు పళ్ళ విభాగంలో పోస్టింగ్ కాబట్టి, బోసినోటితో వచ్చే పెద్దవాళ్ళ గురించి మాట్లాడతాను.

కొత్తలో నేనొక తప్పు చేశాను. డెబ్బై దాటిన ఒకావిడకి రెండు సెట్లూ కట్టాను. పైది చక్కగా పట్టింది. కిందిది ఊరికే లేచొచ్చేది. "నాలుగు రోజుల్లో అలవాటైపోతుందమ్మా" అని పంపేశాను. నెల తర్వాత కింది సెట్టును రుమాల్లో మూటకట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నమలడం కష్టంగా ఉందా అని అడిగాను. "అన్నం పిసుక్కుని తింటాను బాబూ. సాయంత్రం గుళ్ళో నలుగురితో కలిసి లలిత చదువుతాను. నోరు తెరిస్తే ఇది లేచి టకటకమంటోంది" అన్నారు.

అప్పుడు తీయించాను ఎక్స్‌రే. కింది దవడ ఎముక పది మిల్లీమీటర్లు కూడా లేదు.

అమెరికాలోని కట్టుడు పళ్ళ నిపుణుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ వాళ్ళు 1999లో ఇలాంటి కేసులను నాలుగు తరగతులు చేశారు. కింది దవడ ఎముక బాగా తరిగిన చోట కొలిచినప్పుడు 21 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మొదటి తరగతి, 16 నుంచి 20 అయితే రెండు, 11 నుంచి 15 అయితే మూడు, 10 లేదా అంతకన్నా తక్కువైతే నాలుగు. పై చిగురు గట్టు ఆకారం, కండరాలు అతుక్కున్న తీరు, రెండు దవడల పొందిక కూడా చూడాలి. అన్నీ బాగుండి ఒక్కటి చెడ్డా కేసు ఆ కష్టమైన తరగతిలోకే వెళ్తుంది. దీన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, మనం తడబడేది ఇక్కడే.

కింది సెట్టుకి ఆనుకునే చోటు పైదానికంటే చాలా తక్కువ. పైగా నాలుక అస్తమానం తోస్తుంటుంది. పళ్ళు పోయాక ఎముక కూడా కిందే ఎక్కువ అరుగుతుంది. బీపీ మాత్రలతో నోరు ఎండిపోతే పట్టు ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ సెట్టు కట్టకముందే పేషెంటుకి చెప్పాలి. ముందు చెబితే అది వివరణ, తర్వాత చెబితే సాకు అనుకుంటారు.

ఇక తృప్తి సంగతి. అది తరగతిని బట్టి రాదు. నాలుగో తరగతి తాతగారు హాయిగా జొన్నరొట్టె తినడం చూశాను, మొదటి తరగతి ఆయన ఏడాదిపాటు నా చుట్టూ తిరగడమూ చూశాను. అందుకే పళ్ళు లేనివాళ్ళ కోసం ఓహిప్-ఈడెంట్ అనే 19 ప్రశ్నల పట్టిక ఉంది. నమలడం, నొప్పితో పాటు నలుగురిలో ఇబ్బంది పడుతున్నారా అని కూడా అడుగుతుంది. సెట్టు కట్టకముందు ఒకసారి, కట్టాక ఒకసారి అడగండి. ఓపీలో టైం లేకపోతే కనీసం "ఇది పెట్టుకుని మీరేం చేయాలనుకుంటున్నారు?" అని అడగండి.

కింది దవడకి, ఎముకలో బిగించే రెండు ఇంప్లాంట్ల మీద నిలబడే సెట్టే మొదటి ఎంపికగా ఉండాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు తేల్చారు. నేను మొదట చెప్పిన ఆవిడకి అంత ఖర్చు కుదరలేదు. నాలుకకీ బుగ్గలకీ మధ్య సెట్టు కుదురుకునే చోటు అచ్చు తీసి, మళ్ళీ కట్టాం. పెట్టిన రోజు నా కుర్చీలోనే కూర్చోబెట్టి లలిత చదివించాను. నాలుగో శ్లోకం దగ్గర ఒకసారి లేచింది. అక్కడ అంచు కాస్త అరగదీశాను. మళ్ళీ మొదటినుంచి చదివారు.