క్లే కోర్టు షూ రివ్యూ మొదలుపెట్టి రోలాండ్ గారోస్‌లో తేలాను

నమస్తే అందరికీ. ఇదిగో, ఇవి చూడండి. 2025 మే చివర్లో ఒక కంపెనీ వాళ్లు హన్మకొండలో మా ఇంటికి కొరియర్‌లో పంపారు. ఫ్రీగానే. పైసలైతే తీసుకోలేదు, వీడియో వాళ్లకు ముందు చూపించలేదు. పేరు మాత్రం చెప్పను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. బరువెంత, లోపల ఫోమ్ ఏంటి, ఎన్ని రంగుల్లో వస్తాయి, అవన్నీ ఇప్పటికే పది మంది చెప్పేశారు, మీరు చూసే ఉంటారు. అసలు సంగతి ఏంటంటే ఇవి క్లే కోర్టు షూ, అంటే ఎర్రమట్టి టెన్నిస్ కోర్టు మీద వేసుకునేవి. నేనేమో పొద్దున ఆరింటికి సిమెంటు కోర్టు మీద ఆడేవాణ్ని. నాకు ఇవి పంపడమంటే ఈత రానివాడికి పడవ ఇచ్చినట్టే.

అడుగు భాగం చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా మెలికలు మెలికలుగా గీతలు. మట్టిని పట్టుకోవాలి, మళ్లీ జారాలనుకున్నప్పుడు జారనివ్వాలి. అందుకే ఈ మెలికలు. ఆటగాళ్లు పాయింటుకూ పాయింటుకూ మధ్య రాకెట్‌తో షూ అడుగున టక్ టక్‌మని కొట్టుకుంటారు కదా, ఈ గీతల్లో ఇరుక్కున్న పొడి రాలడానికే. చెల్క నుంచి వచ్చినవాళ్లు గడప బయట చెప్పులు దులుపుకున్నట్టు.

ఇక షూ కాసేపు పక్కన పెడతా. ఇవి వచ్చింది సరిగ్గా రోహిణి కార్తెలో. మనకు రోళ్లు పగిలే ఎండలు, అక్కడ ప్యారిస్‌లో రోలాండ్ గారోస్, అదే ఎర్రమట్టి మీద ఆడే ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ టోర్నీ. 2025లో మే 25న మొదలై జూన్ 8న ముగిసింది. అంటే రోహిణితో మొదలై మిరుగం నాడు అయిపోయింది. ఎవరో పంచాంగం చూసి పెట్టినట్టే ఉంది.

మనం ఎర్రమట్టి అంటాం గానీ అది మట్టి కాదు. దంచిన ఇటుకల పొడి. అది కూడా పైపైనే, రెండు మిల్లీమీటర్లు దాటదు. దాని కింద తెల్లటి సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు కాలగా మిగిలిన చిట్టెం, ఆ కింద కంకర. మా నానమ్మ అరుగుకు జాజు పూసి దాని మీద ముగ్గు గీసేది, అచ్చం అట్లనే ఉంటుంది పై నుంచి చూస్తే. సెట్టు అవగానే మనుషులు వచ్చి వలలాంటివి లాగుతూ కోర్టంతా సాపు చేస్తారు, చీపురుతో తెల్ల గీతలు ఊడ్చుతారు, అవసరమైతే పైపుతో నీళ్లు కొడతారు. పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పు చల్లినట్టు. నేను మ్యాచ్ మధ్యలో ఈ ముక్క ఎప్పుడూ ఫార్వర్డ్ చేయను.

నాకు పిచ్చి ఉన్న విషయం ఇప్పుడు చెబుతా. బంతి గుర్తు. వేరే కోర్టు మీద బంతి పడితే పోయింది, అంతే. ఇక్కడ పడిన చోట కోడిగుడ్డు ఆకారంలో మచ్చ పడుతుంది. లోపలా బయటా అని గొడవ వస్తే అంపైర్ అంత ఎత్తు కుర్చీ దిగి, నడిచి వచ్చి, వంగి, మచ్చ చుట్టూ వేలు తిప్పి చెబుతాడు. మా బాపు మొదటిసారి ఇది చూసినప్పుడు ఏమన్నాడో తెలుసా? "అంత పెద్ద ఆటకు గాయన దిగొచ్చి నేల చూస్తుండేందిరా? మన చిర్రగోనె లెక్కనే ఉన్నది."

నిజమే. మా ఊరు నర్సంపేట దారిలో, ఎర్ర చెల్క నేల. చిన్నప్పుడు కబడ్డీకి ముగ్గుపిండితో గీత గీసేవాళ్లం. కాలు గీత దాటిందా లేదా అని తగువు వస్తే ఎవరి గొంతు పెద్దదైతే వాడు గెలిచేవాడు కాదు. అందరం గుండ్రంగా నిలబడి పాదం అచ్చు చూసేవాళ్లం. బొటనవేలు గీతను తొక్కిందంటే మారు మాట లేదు. ఒక్కడు మాత్రం ఎప్పుడూ చూడకముందే కాలితో చెరిపేసేవాడు. వాడు ఇప్పుడు కాజీపేటలో పెద్ద వ్యాపారం చేస్తున్నాడు, పేరు అడగొద్దు.

అందుకే మెషీన్ల సంగతి వస్తే నాకు మంట. ఆస్ట్రేలియన్ ఓపెన్, యూఎస్ ఓపెన్ ఎప్పుడో లైన్ అంపైర్లను, అంటే గీతల దగ్గర నిలబడి బంతి లోపలా బయటా చెప్పేవాళ్లను తీసేశాయి, 2025లో వింబుల్డన్ కూడా తీసేసింది. మగవాళ్ల టూర్‌లో 2025 నుంచి క్లే టోర్నీల్లో కూడా కెమెరాలే. 2025 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో ఏమైంది? జర్మనీ ఆటగాడు జ్వెరెవ్‌కు అవతలివాడి బంతి బయట పడినట్టు మచ్చ కనబడుతోంది, మెషీన్ లోపల అంటోంది. అంపైర్ ఏమీ చేయలేడు. జ్వెరెవ్ తన కుర్చీ దగ్గరికి వెళ్లి ఫోన్ తెచ్చుకుని మచ్చకు ఫోటో తీశాడు. ఫోటో తీసినందుకు వార్నింగ్! నేలేమో సాక్ష్యం చెబుతోంది, వినేవాడు లేడు. 2025లో కూడా రోలాండ్ గారోస్ మనుషులనే పెట్టుకుంది, దానికి నా తరఫున దండం. తప్పులు జరగవా అంటే జరుగుతాయి. టీవీలో కంప్యూటర్ బొమ్మ ఒకటి చెబుతుంది, అంపైర్ వేలు ఇంకొకటి చెబుతుంది. అయినా నా ఓటు వేలుకే.

ఆ మచ్చ కొంపలు కూడా ముంచింది. 1999 రోలాండ్ గారోస్ ఆడవాళ్ల ఫైనల్, హింగిస్‌కూ స్టెఫీ గ్రాఫ్‌కూ మధ్య. హింగిస్ మొదటి సెట్టు గెలిచింది, రెండో దాంట్లో 2-0 ముందుంది. తన బంతి అవుట్ అన్నారని నెట్ దాటి గ్రాఫ్ వైపు వెళ్లిపోయింది, మచ్చ చూపించడానికి. రూల్ ప్రకారం వెళ్లకూడదు. పాయింట్ కోసేశారు, జనం గోల గోల, అమ్మాయికి 18 ఏళ్లు, మనసు చెదిరి మ్యాచ్ పోయింది. అదే ఏడాది అక్కడే మన పేస్, భూపతి డబుల్స్ గెలిచారు. 2012లో భూపతితో కలిసి మన సానియా మిక్స్‌డ్ గెలిచింది. మనవాళ్లకు ఆ మట్టి కొత్తేమీ కాదు.

మచ్చంటే కోపమే కాదు. బ్రెజిల్ కుర్టెన్ 2001లో మ్యాచ్ పాయింట్, అంటే పోతే మ్యాచే పోయే పాయింట్ కాచుకుని గెలిచి, రాకెట్‌తో కోర్టు మీద పెద్ద గుండె బొమ్మ గీసి అందులో పడుకున్నాడు. 2025 మే 25న నాదల్‌కు సన్మానం చేసి, నెట్ పక్కన అతని పాదం అచ్చుతో పలక పెట్టారు, కింద 14 అంకె. 14 టైటిల్స్. అక్కడ 116 మ్యాచ్‌లు ఆడి ఓడినవి నాలుగు. సోదర్లింగ్ చేతిలో 2009లో ఓడిన రోజు నేను అన్నం తినలేదు, మా అమ్మ జ్వరమనుకుంది. పాదం అచ్చు చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫెదరర్, జొకోవిచ్, ముర్రే ముగ్గురూ పక్కనే నిలబడ్డారు.

2025 మగవాళ్ల ఫైనల్, సిన్నర్‌కూ అల్కరాజ్‌కూ మధ్య, దాని గురించి చాలామందికి తెలిసిందే, కాబట్టి నా తప్పు ఒక్కటి ఒప్పుకుంటా. మిరుగం నాడు కదా, ఇంట్లో కొర్రమీను పులుసు. సిన్నర్ రెండు సెట్లు ముందున్నాడు, నాలుగో సెట్టులో 5-3, అల్కరాజ్ సర్వీసులో 0-40. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, ఒక్కటి కొట్టినా టైటిల్ సిన్నర్‌దే. రాత్రి పది దాటింది. అయిపోయిందనుకుని టీవీ ముందు నుంచి లేచి గిన్నెలు కడగడానికి వెళ్లాను. చేపల వాసన పోవాలని చింతపండుతో తోముతున్నా. లోపల నుంచి బాపు, "అరేయ్, ఈ పిలగాడు చావలేదురో" అని కేక. సబ్బు చేతులతో పరుగెత్తి వచ్చేసరికి మూడూ కాచేశాడు. ఆ మూడు పాయింట్లు నేను లైవ్‌లో చూడలేదు. ఐదు గంటల 29 నిమిషాలు, ఆ టోర్నీ చరిత్రలోనే పొడవైన ఫైనల్. అందులో నేను మిస్సయింది సరిగ్గా ఆ రెండు నిమిషాలు. చివరి టైబ్రేక్ 10-2తో అల్కరాజ్ గెలిచేసరికి అర్ధరాత్రి దాటింది, చేతుల మీద సబ్బు ఎండిపోయి తెల్లగా పొక్కు కట్టింది.

ఒక్క కోపం. నైట్ మ్యాచ్. వాళ్లకు రాత్రి 8:15 అంటే మనకు 11:45. సరే, నిద్ర మానుకుంటాం. కానీ 2025లో ఒక్క నైట్ మ్యాచ్ కూడా ఆడవాళ్లది పెట్టలేదు! సబలెంకా, శ్వియాటెక్ ఆడే సెమీఫైనల్ పగలు, ఎవరో ముందే ఓడిపోతాడని తెలిసిన మ్యాచ్ రాత్రా? కోకో గాఫ్ సబలెంకాను మూడు సెట్లలో ఓడించిన ఫైనల్ చూశాక కూడా వాళ్లకు అర్థం కాకపోతే ఇంకేం చెప్పాలి.

సరే, షూ. సిమెంటు మీద మూడు వారాలు వేసుకున్నా. కుడి బొటనవేలి కింద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి, చూడండి, వేలు పెడితే జారుతోంది. కంపెనీ తప్పు కొంత, నా తప్పు కొంత. సిమెంటు మీద ఆడేవాళ్లు కొనొద్దు, ఆఫర్‌లో వచ్చినా కొనొద్దు. టోర్నీకైతే పదికి తొమ్మిదిన్నర, ఆ అర నైట్ మ్యాచ్‌లకు కోసుకున్నా.

అరగని ఎడమ షూకు న్యాయం చేయాలని మొన్న ఆదివారం ఊరికి తీసుకెళ్లాను. వాన పడి చెల్క మెత్తగా ఉంది. బడి పక్కన గ్రౌండులో పరుగెత్తి జారి చూశాను. నిజం చెప్పాలి, అద్భుతంగా జారింది, అద్భుతంగా ఆగింది. ఫోటో తీద్దామని వంగితే వెనక నుంచి బాపు వచ్చి ఆ మెలికల అచ్చు చూసి అడిగాడు: "ఇటు ట్రాక్టర్ ఎవలిదిరా పోయింది?"